ఎర్ర పెన్నుకు దొరకని వాక్యం: మారతహళ్లి క్లాసు నుంచి ఒక కేస్ స్టడీ

"మేడమ్, నా పేపర్లో మీరు ఎర్ర గీతే పెట్టరు కదా. మరి మా టీమ్ లీడ్ నా మెయిల్ చూసి చిన్నపిల్ల రాసినట్టుంది అని ఎందుకన్నాడు?"

అడిగిన అమ్మాయిది అనంతపురం వైపు ఒక పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత ఇంజనీరింగ్, ఆ తర్వాత బెంగళూరు. ఆన్‌లైన్ అమ్మకాలకు కస్టమర్ సపోర్ట్ చేసే ఒక ఆఫీసులో పని. మారతహళ్లి బ్రిడ్జికి దగ్గర్లో నేను శని, ఆదివారాలు నడిపే ఇంగ్లీష్ క్లాసుకు వచ్చేది. ఆ బ్యాచ్‌లో అందరికంటే తక్కువ తప్పులు ఆమెవే. రెండుసార్లు ఆమె పేపరు తీసి మిగతావాళ్లకు చదివి వినిపించింది కూడా నేనే. అందుకే ఆ ప్రశ్న నాకు గట్టిగా తగిలింది.

ఫోన్‌లో ఆ మెయిల్ చూపించింది. "వన్ కస్టమర్ కాల్డ్ యెస్టర్‌డే. హి ఆర్డర్డ్ ఎ మిక్సీ. ది మిక్సీ వాజ్ బ్రోకెన్. హి వాంట్స్ ఎ రీఫండ్." నాలుగు వాక్యాలు. దిద్దడానికి ఏమీ లేదు. అయినా ఆ లీడ్ అన్న మాట అబద్ధం కాదని నాకు లోపల తెలుస్తూనే ఉంది. ఎందుకో చెప్పలేకపోయాను. "వచ్చే వారం చెప్తానమ్మా" అన్నాను. చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఏం చేశానో, ఎక్కడ పొరబడ్డానో, చివరికి ఏం దొరికిందో ఇక్కడ రాస్తున్నాను. నాలాగా చిన్న క్లాసులు నడిపే టీచర్లకు పనికొస్తుందని నా ఆశ.

ముందు మా పిల్లల సంగతి. మారతహళ్లి, కుందలహళ్లి, మున్నేకొళాల వైపు పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉండేవాళ్లు చాలామంది. గదిలో తెలుగు, మెస్సులో తెలుగు, ఆటో దగ్గర అరకొర కన్నడం, ఆఫీసులో పక్క సీటును బట్టి హిందీ. ఇంగ్లీష్‌లో మాట్లాడే పని రోజుకు పావుగంట కూడా పడనివాళ్లున్నారు. కానీ రాయడం మాత్రం పొద్దస్తమానం ఉంటుంది: టికెట్లు (కస్టమర్ ఫిర్యాదుల నమోదులు), మెయిళ్లు, స్టేటస్ రిపోర్టులు. స్పోకెన్ ఇంగ్లీష్ బోర్డు చూసి క్లాసుకు వస్తారు గానీ ఉద్యోగంలో వాళ్లను తూచేది రాతతోనే. అందుకని నేను రాతనే పోగుచేశాను.

కార్పస్ అంటే ఇంతే: ఒక లెక్క ప్రకారం పోగుచేసి, కంప్యూటర్‌లో వెతకడానికి వీలుగా పెట్టుకున్న నిజమైన రాతలు, మాటలు. 1961లో అచ్చయిన అమెరికన్ ఇంగ్లీష్ నుంచి ఒక్కొక్కటి 2000 మాటల చొప్పున 500 నమూనాలు తీసి, బ్రౌన్ యూనివర్సిటీలో నెల్సన్ ఫ్రాన్సిస్, హెన్రీ కుచెరా 10 లక్షల మాటల కార్పస్ కట్టారు. అదే కొలతలతో మన దేశపు ఇంగ్లీష్‌కు, 1978లో అచ్చయిన రాతలతో, కొల్హాపూర్ శివాజీ యూనివర్సిటీలో ఎస్.వి. శాస్త్రి బృందం ఇంకొకటి కట్టింది. ఇవి భాష బాగా వచ్చినవాళ్ల రాతలు. నేర్చుకుంటున్నవాళ్ల రాతలను ఇలా పోగుచేసే పనికి పెద్ద ఊపు 1990లో బెల్జియంలోని లూవాన్‌లో సిల్వియాన్ గ్రాంజే మొదలుపెట్టిన ప్రాజెక్టుతో వచ్చింది. ఒక్కో మాతృభాషవాళ్లు రాసే ఇంగ్లీష్‌ను పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కువ వాడుతున్నారు, ఏది తక్కువ వాడుతున్నారు అని చూడటం ఆమె చూపిన దారి. ఆ "తక్కువ" అన్న మాట విలువ నాకప్పటికి తెలియలేదు.

పోగుచేయడం

బ్యాచ్‌లో 22 మంది. వారానికొకటి చొప్పున తొమ్మిది రాతలు, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. పీజీ ఓనరుకు నీళ్ల సమస్య మీద ఫిర్యాదు, ఆఫీసులో జరిగిన ఒక సంఘటన మీద లీడ్‌కు రిపోర్టు, సొంతూరి జాతర, కొత్తగా చేరినవాళ్లకు దారి చెప్పడం, ఇలాంటివి. మొత్తం దాదాపు 30 వేల మాటలు వచ్చాయి. బ్రౌన్ కార్పస్‌లో ముప్ఫయ్యో వంతుకు కూడా చేరదు. అయితే ప్రతి కాగితం ఎవరిదో, ఏ పరిస్థితిలో రాశారో నాకు తెలుసు. చిన్న కార్పస్‌కు ఉన్న బలం అదే.

పెన్నుతోనే రాయించాను. ఫోన్‌లో రాయనిస్తే కీబోర్డు సగం మాటలు తనే అందిస్తుంది, చాట్‌బాట్ అయితే మొత్తం రాసిపెడుతుంది. అప్పుడు నేను చదివేది పిల్లల ఇంగ్లీష్ కాదు. టైపు చేసేటప్పుడు ఇదే జబ్బు నా చేతికీ ఉందని తెలిసింది. ఇరవయ్యేళ్లుగా దిద్దిన చెయ్యి, తప్పు కనపడగానే దానంతటదే సరిచేస్తుంది. మొదటి పది పేపర్లు టైపు చేశాక కాగితంతో పోల్చి చూస్తే కనీసం ఒక్క దిద్దుబాటైనా లేని ఫైలు లేదు. కొన్ని నేను చేసినవి, కొన్ని కంప్యూటర్ చేసినవి. ఆటోకరెక్ట్ ఆపేసి, పదీ మళ్లీ టైపు చేశాను. ఈ పని మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పే మొదటి జాగ్రత్త ఇదే. దిద్దిన డేటాలో మీకు కనపడేది మీ ఇంగ్లీషే.

పేర్లు తీసేసి నంబర్లు ఇచ్చాను. అనుమతి కాగితం తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాను. ప్రతి నంబరుకూ ఎదురుగా బడి ఏ మీడియం, బెంగళూరు వచ్చి ఎన్నేళ్లు, ఆఫీసులో రాసేది ఏమిటి అన్న వివరాలు రాసుకున్నాను. ప్రశ్న అడిగిన అమ్మాయి ఏడో నంబరు. ఇక్కడ కూడా అలాగే పిలుస్తాను.

దేనితో పోల్చాలన్నది నన్ను చాలా రోజులు తిప్పలు పెట్టింది. లండన్‌లో పుట్టిపెరిగినవాళ్ల రాతతో పోల్చి మా పిల్లలు ఇంత తక్కువ అని చెప్పడం నాకిష్టం లేదు. ఏడో నంబరు అందుకోవాలనుకునేది లండన్‌ను కాదు, తన పక్క వరసలో కూర్చునే మేనేజరును. కాబట్టి తెలుగు ఇంటిభాషగా ఉండి, బెంగళూరులోనే పదేళ్లకు పైగా పనిచేస్తున్న ఎనిమిది మందిని బతిమాలి, మా పిల్లలు రాసిన తొమ్మిదింటిలో నాలుగు వాళ్లతో రాయించాను. ఆరు వేల పైచిలుకు మాటలు వచ్చాయి. పోల్చినప్పుడల్లా పిల్లల రాతల్లోనూ ఆ నాలుగే తీసుకున్నాను. జాతర గురించి రాసిన పేపరును రిపోర్టుతో పోల్చితే వచ్చే తేడా మనిషిది కాదు, రాతది.

వెతకడానికి ఆంట్‌కాంక్ వాడాను. జపాన్‌లో వాసెడా యూనివర్సిటీలో పనిచేసే లారెన్స్ ఆంథొనీ తయారుచేసి ఉచితంగా ఇస్తున్న సాఫ్ట్‌వేర్ అది. ఒక మాట కొడితే, ఆ మాట వచ్చిన ప్రతి వాక్యమూ ఆ మాట నడిమధ్యలో ఉండేలా వరసగా కనపడుతుంది. దీన్ని కాంకార్డెన్స్ అంటారు. బియ్యం చాటలో పోసుకున్నట్టుంటుంది. రాయి ఉంటే కంటికి కనపడుతుంది.

మొదట వెతికింది, దొరికింది

నేను మొదట వెతికింది తప్పులనే. మన టీచర్లందరికీ తెలిసినవే. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అని స్క్రీన్ నిండా లైన్లు. "రెండేళ్ల నుంచి ఇక్కడ పనిచేస్తున్నాను" అన్న వాక్యాన్ని దాని పక్కన పెడితే ఇంకేమీ చెప్పక్కర్లేదు. మన "నుంచి" 2019కీ సరిపోతుంది, రెండేళ్లకూ సరిపోతుంది. ఇంగ్లీష్ మొదలైన చోటును ఒక మాటతో ("సిన్స్"), గడిచిన కాలాన్ని ఇంకో మాటతో ("ఫర్") చెబుతుంది. "పనిచేస్తున్నాను" కూడా అలాగే యథాతథంగా దిగిపోయింది. "డిస్కస్ అబౌట్" వెనక "గురించి చర్చించాం" ఉంది. "ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్", "హి టోల్డ్ దట్" కూడా ఈ జాబితాలోవే. వీటిలో కొన్ని మా ఎనిమిది మంది పెద్దల రాతల్లోనూ కనిపించాయి. వాళ్ల ఉద్యోగాలకు వాటివల్ల ఏ నష్టమూ రాలేదు. ఆ తర్వాత నుంచి "డిస్కస్ అబౌట్" మీద ఎర్ర గీత పెట్టడం మానేశాను. పుస్తకం రాయబోయేవాళ్లకు చెబుతాను, టికెట్ రాసేవాళ్లను దాని మీద ఆపను.

ఇవన్నీ తెలుసుకోవడం బాగుంది గానీ ఏడో నంబరు ప్రశ్నకు జవాబు రాలేదు. ఆమె ఫైళ్లలో "సిన్స్ టూ ఇయర్స్" లేదు. "సిన్స్" అనే మాటే లేదు. ఒకటి రెండు రోజులు అది ఆమె గొప్పదనమే అనుకున్నాను. తర్వాత ఎందుకో "ఫర్" వెతికాను, కాలానికి వాడినది. అదీ లేదు. తొమ్మిది పేపర్లలో ఎంత కాలంగా అనే సంగతే ఆమె ఎక్కడా చెప్పలేదు. పీజీ ఓనరుకు రాసిన ఫిర్యాదులో అందరూ ఎన్నాళ్లుగా నీళ్లు రావట్లేదో రాశారు. ఈమె "దేర్ ఈజ్ నో వాటర్" అని వదిలేసింది. తప్పు చేయలేదు, ఎందుకంటే ఆ దారినే వెళ్లలేదు.

అక్కడ నాకు ఎం.ఎ.లో చదివిన ఒక పాత వ్యాసం గుర్తొచ్చింది. 1974లో జాక్వెలిన్ షాక్టర్ అనే ఆమె, అమెరికాలో చదువుకుంటున్న నాలుగు భాషల విద్యార్థుల ఇంగ్లీష్ వ్యాసాల్లో రిలేటివ్ క్లాజులు లెక్కపెట్టింది. అంటే "హూ", "విచ్", "దట్" పెట్టి ఒక నామవాచకం వెనక తగిలించే వాక్యాలు. తప్పులు ఎక్కువ చేసింది పర్షియన్, అరబిక్ వాళ్లు. తక్కువ చేసింది చైనీస్, జపనీస్ వాళ్లు. తప్పులే చూసేవాడు చైనీస్, జపనీస్ వాళ్లకు ఇది బాగా వచ్చు అంటాడు. షాక్టర్ మొత్తం ఎన్ని రాశారో కూడా లెక్కపెట్టింది. పర్షియన్లు 174, అరబ్బులు 154 రాస్తే, చైనీస్ 76, జపనీస్ 63 మాత్రమే రాశారు. తప్పులు తక్కువ ఎందుకంటే రాసిందే తక్కువ. వాళ్ల భాషల్లో ఆ వర్ణన నామవాచకానికి ముందు వస్తుంది, ఇంగ్లీష్‌లో వెనక వస్తుంది. ఆ తిరగేత దగ్గర భయపడి పక్కకు తప్పుకున్నారన్నది ఆమె వాదన.

తెలుగులో ఎక్కడ వస్తుంది? "నిన్న ఫోన్ చేసిన కస్టమర్." ముందే.

లెక్క మోసం చేసిన చోటు

ఆ రాత్రే కూర్చుని "దట్" వెతికాను. బోలెడన్ని వచ్చాయి. వెయ్యి మాటలకు ఎన్ని అని చూస్తే పెద్దల రాతలకు మా పిల్లలవి పెద్దగా తీసిపోలేదు. నా అనుమానం తప్పేమో అనుకుని కంప్యూటర్ మూసేశాను. పొద్దున లైన్లు ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాక గానీ అసలు సంగతి తెలియలేదు. "హి టోల్డ్ దట్", "ఐ థింక్ దట్", "ఐ కేమ్ టు నో దట్". ఇవన్నీ మన "అని". "దట్ డే", "దట్ కస్టమర్". ఇవి మన "ఆ". పిల్లలు ఆ రెండు పనులకూ "దట్"ను ధారాళంగా వాడుతున్నారు. నామవాచకం వెనక నిలబడి దాన్ని వర్ణించే మూడో "దట్" మాత్రం వెతికి వెతికి ఏరుకోవాల్సి వచ్చింది. పెద్దల "దట్"లలో అదే ప్రధానం. పైకి రెండు అంకెలూ ఒకేలా ఉన్నాయి, లోపల సరుకు వేరు. కంప్యూటర్ అక్షరాలను లెక్కపెడుతుంది. పనిని లెక్కపెట్టాలంటే మనిషి కూర్చుని చదవాలి.

"విచ్" దగ్గర ఇంకో రకం మోసం. మొత్తం సంఖ్య ఫరవాలేదనిపించింది. ఎవరి ఫైళ్లలో ఎన్ని అని విడదీస్తే పెద్ద వాటా పదిహేనో నంబరుది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియంలో చదివి, నవలలు చదివే అలవాటున్న అబ్బాయి. అతణ్ణి పక్కన పెడితే బ్యాచ్‌లో సగానికి పైగా ఒక్కసారి కూడా ఆ మాట రాయలేదు. మొత్తం చూసి ఊరుకుంటే ఒక్కడి రాతను 22 మందికీ పంచిపెట్టినట్టవుతుంది. ఇద్దరు "విచ్"ను మంత్రగత్తె అనే అర్థం వచ్చే స్పెల్లింగుతో రాశారు. మామూలుగా వెతికితే అవి దొరకవు. అందుకే ఏది వెతికే ముందైనా మాటల జాబితా మొత్తం ఒకసారి పైనుంచి కిందికి చదువుకోవాలి.

"ది మిక్సీ ఐ బాట్" లాంటివి మరీ కష్టం. అక్కడ వెతకడానికి మాటే ఉండదు. వాటికోసం 30 వేల మాటలూ ఒక పక్క నుంచి చదివాను. మూడు ఆదివారాల సాయంత్రాలు పట్టింది.

అన్నీ ఏరి, చేత్తో లెక్కపెట్టాక బొమ్మ స్పష్టమైంది. పెద్దలు ఒక పేరాలో రెండు మూడుసార్లు అలవోకగా వాడే నిర్మాణాన్ని మా పిల్లలు పేజీకి ఒకసారి కూడా వాడట్లేదు. వాడినవాటిలో చాలావరకు ఒకే అచ్చు: "ఎవరైతే ఫీజు కట్టలేదో వాళ్లు" అనే తీరులో "హూ డిడ్ నాట్ పే ఫీజ్, దే షుడ్ కమ్". ఏడో నంబరు తొమ్మిది పేపర్లలో కలిపి ఒక్కటీ లేదు. నా బ్యాచ్‌లో ఎర్ర గీతలు అతి తక్కువ పడిన పేపర్లు, ఈ నిర్మాణాన్ని అసలు ముట్టని పేపర్లు ఒకరివే. ఇరవయ్యేళ్లుగా నేను మెచ్చుకుంటూ వచ్చింది దేన్నో అప్పుడు అర్థమైంది.

తెలుగులో చెప్పించడం

ఇక్కడే ఆపేసి ఉంటే పిల్లలకు పెద్ద వాక్యం ఆలోచించడమే రాదు అని తీర్పు చెప్పేసేదాన్నేమో. అలా అనేవాళ్లు ఉన్నారు. అది తేల్చుకోవడానికి ఒకటి చేశాను. ఇంగ్లీష్‌లో రాసిన సంఘటననే తెలుగులో చెప్పమని, ఫోన్‌లో రికార్డు చేసి, టైపు చేశాను.

ఏడో నంబరు తెలుగు ఇది: "మొన్న మా పీజీలో చేరిన అమ్మాయి ఉంది కదా మేడమ్, ఆ అమ్మి వాళ్ల నాయన తెచ్చిచ్చిన ఛార్జరు, హాల్లో పెట్టిండేది, పోయింది." ఒక్క ఊపిరిలో మూడు వర్ణనలు: చేరిన అమ్మాయి, తెచ్చిచ్చిన ఛార్జరు, పెట్టిండేది. ఇంగ్లీష్‌లో ఆమె రాసింది: "వన్ గర్ల్ జాయిన్డ్ అవర్ పీజీ. హర్ ఫాదర్ గేవ్ ఎ చార్జర్. షి కెప్ట్ ఇట్ ఇన్ ది హాల్. ఇట్ వాజ్ లాస్ట్." ఆలోచన లేకపోవడం కాదు. ముడివేయగల ఆలోచన నిండుగా ఉంది, ఇంగ్లీష్ గడప దాటేసరికి ముడి విప్పి పూసలు విడివిడిగా పోస్తోంది. మిగతా పిల్లలదీ ఇదే కథ.

ఎందుకు విప్పాల్సి వస్తుంది? చోటు తిరగబడటం ఒక్కటే కాదు. మన ధాతుజ విశేషణం ("చేసిన", "రాసిన" లాంటి మాట) చేసే పని చూడండి. "నేను రాసిన ఉత్తరం", "నేను రాసిన పెన్ను", "నేను రాసిన బల్ల". మూడింటికీ "రాసిన" ఒక్కటే. ఉత్తరాన్ని రాశాను, పెన్నుతో రాశాను, బల్ల మీద రాశాను అన్న తేడా వినేవాడికే వదిలేస్తాం. "ని", "తో", "మీద" అన్నీ రాలిపోతాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ రాదు. ఇంగ్లీష్ ఆ తేడాను మాటల్లో చెప్పి తీరాలంటుంది. "విచ్ ఐ రోట్", "విత్ విచ్ ఐ రోట్", "ఆన్ విచ్ ఐ రోట్". తెలుగు పిల్ల ఒకేసారి రెండు పనులు చేయాలి: వర్ణనను వెనక్కి తిప్పాలి, రాలిపోయిన విభక్తిని వెతికి తెచ్చి పెట్టాలి. లీడ్‌కు మెయిల్ పంపే హడావిడిలో అది కుదరనప్పుడు, తప్పు రాయడం కంటే తప్పించుకోవడం తెలివైన పని. ఏడో నంబరు బద్ధకస్తురాలు కాదు, జాగ్రత్తపరురాలు. ఎర్ర గీత అంటే ఆమెకు భయం, ఆ భయం పెట్టింది నాలాంటి టీచర్లే.

క్లాసులో ఏం చేశాం

రూలు బోర్డు మీద రాసి అభ్యాసాలు ఇవ్వలేదు. పెద్దల రాతల్లోంచి, వాళ్ల అనుమతితో, రిలేటివ్ క్లాజులున్న లైన్లు ముద్రించి, చీటీలుగా కత్తిరించి ఇచ్చాను. బర్మింగ్‌హామ్‌లో టిమ్ జాన్స్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. నేర్చుకునేవాళ్ల చేతికే డేటా ఇచ్చి, క్రమం వాళ్లనే కనిపెట్టమనడం. ప్రతి చీటీ కింద అదే సంగతి తెలుగులో రాయమన్నాను. రెండు చీటీలు రాసేసరికే మూడో నంబరు "మేడమ్, మనది తల్లకిందులు చేస్తే వాళ్లది" అన్నాడు. పది చీటీలయ్యాక "మనకు 'లో' ఎక్కడికి పోయింది?" అన్న ప్రశ్న వెనక బెంచీ నుంచి వచ్చింది. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి రావాలనే నేను ఎదురుచూస్తున్నాను.

వరస విషయంలో కీనన్, కామ్రీ అనే ఇద్దరు భాషాశాస్త్రవేత్తలు 1977లో చూపిన మెట్లు పనికొచ్చాయి. ప్రపంచ భాషల్లో కర్తను వర్ణించే క్లాజు అన్నిటికంటే తేలిక, తర్వాత కర్మ, తర్వాత "తో", "లో" లాంటివి, ఆ పైన "యొక్క" సంబంధం. అదే వరసలో వెళ్లాం. ఫోన్ చేసిన కస్టమర్, కస్టమర్ కొన్న మిక్సీ, నేను ఉంటున్న పీజీ, ఆర్డర్ క్యాన్సిల్ అయిన కస్టమర్.

అవసరం పుట్టించడం ముఖ్యం. ఈ ఊళ్లోనే 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు నడిపిన బెంగళూరు ప్రాజెక్టులో, వ్యాకరణం చెప్పకుండా రైలు టైంటేబుళ్లు, మ్యాపుల వంటి పనులిచ్చి బడిపిల్లలకు ఇంగ్లీష్ నేర్పారు. ప్రపంచమంతా ఇప్పటికీ చర్చించుకునే ప్రయోగం అది, మనవాళ్లలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. దాన్ని తలుచుకుని నేనూ ఒక పని కట్టాను. బల్ల మీద పది స్టీలు నీళ్ల సీసాలు పెట్టాను. దాదాపు ఒకేలా ఉంటాయి: ఒకదానికి నీలం మూత, ఒకటి సొట్టపోయింది, ఒకదాని మీద స్టిక్కరు చినిగింది. ఒకరు తమ సీసా ఏదో కాగితం మీద ఒక్క వాక్యంలో రాయాలి, ఇంకొకరు చదివి సరైనది తీసివ్వాలి. "ఇట్ ఈజ్ ఎ బాటిల్. ఇట్ హ్యాజ్ ఎ క్యాప్" అంటే కుదరదు, ఒక్క వాక్యమే. "ది బాటిల్ దట్" అని మొదలుపెట్టక తప్పదు. క్లాసులో అంత సందడి నేను చాలా రోజుల తర్వాత చూశాను.

ఎనిమిది వారాల తర్వాత

మొదటి రాతల్లాంటివే మళ్లీ రాయించి, అదే పద్ధతిలో లెక్కపెట్టాను. దాదాపు అందరిలోనూ రిలేటివ్ క్లాజులు పెరిగాయి. వాటితోపాటు తప్పులూ పెరిగాయి.

ఆ తప్పులు ఎలాంటివో చూడండి. "ది కస్టమర్ హూ హి కాల్డ్." "ది పీజీ విచ్ ఐ యామ్ స్టేయింగ్." రెండోది అచ్చంగా "నేను ఉంటున్న పీజీ", రాలిపోయిన "లో" రాలిపోయినట్టే ఉంది. మెట్లు ఎక్కుతున్నప్పుడు కాలు ఎక్కడ తడబడుతుందని అనుకున్నామో అక్కడే తడబడింది. నాకు సంతోషమే వేసింది, కానీ ఏడో నంబరుకు కాదు. మొదటిసారి తన పేపరు మీద అన్ని ఎర్ర గీతలు చూసి "ఏం మేడమ్, ముందే బాగుండె కదా. ఇంక ఎట్ల రాయల్ల?" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పద్ధతి మారిస్తే సరిపోదు, దిద్దే తీరు కూడా మార్చాలని అప్పుడు తట్టింది. ఆ వారం నుంచి ఆకుపచ్చ పెన్ను తెచ్చాను. కొత్త నిర్మాణం ప్రయత్నించిన ప్రతి చోటా, అది తప్పయినా సరే, ముందు ఆకుపచ్చ టిక్కు. సవరణ తర్వాత, పక్కన. మార్కులు టిక్కులకే.

ఈ కేసులో తేలని సంగతులున్నాయి. ఈ పాఠాలు చెప్పని ఇంకో బ్యాచ్‌ను పక్కన పెట్టి పోల్చలేదు. కాబట్టి ఎదుగుదలలో చీటీల వాటా ఎంత, ఎనిమిది వారాల రాత అలవాటు వాటా ఎంత అని విడదీయలేను. లెక్కపెట్టింది నేనే, నేర్పింది నేనే. ఇంకొకరు కూడా లెక్కపెట్టి ఉంటే నమ్మకం పెరిగేది. మాట్లాడేటప్పుడు వీళ్లు ఏం చేస్తారో ఈ డేటా చెప్పదు.

పన్నెండో నంబరులో మార్పు రాలేదు. అడిగితే, తను చాట్ సపోర్టులో ఉన్నానని, అక్కడ ఒక్కో మెసేజిలో ఒక్కో చిన్న వాక్యమే పంపాలని చెప్పాడు. అతని మాట సబబే. చిన్న వాక్యం తప్పు కాదు. పెద్దది చేతనై ఉండి చిన్నది ఎంచుకోవడం వేరు, చిన్నది తప్ప గతిలేకపోవడం వేరు. పన్నెండో నంబరు సీసాల ఆటలో అందరికంటే ముందు నెగ్గినవాడు.

బ్యాచ్ అయిపోయిన నెలకు ఏడో నంబరు తను లీడ్‌కు పంపిన ఒక మెయిల్‌ను నాకు ఫార్వర్డ్ చేసింది. "ది కస్టమర్ హూజ్ ఆర్డర్ వాజ్ క్యాన్సిల్డ్ ఆన్ మండే హ్యాజ్ నాట్ రిసీవ్డ్ ది రీఫండ్ దట్ వి ప్రామిస్డ్." నాలుగో మెట్టు, ఆ వెంటనే రెండోది, ఒకే వాక్యంలో. ఫోన్ చేసి, ఇది నువ్వే రాశావా అమ్మా, ఆటోకరెక్ట్ ఆపి రాశావా అని అడిగాను. "రాసింది నేనే మేడమ్, ఆఫీసు కంప్యూటర్లో అది ఆపేదానికి కాదు" అంది. అందుకని దాన్ని లెక్కలో కలపలేదు. వేరే ఫోల్డరులో పెట్టుకున్నాను.